"లేడని నువ్వే నిరూపించు" అంటున్నారు. ఆధారం లేదు కాబట్టి దేవుణ్ణి నమ్మకపోవడం సబబేనా?

మీరు రాసిందాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీకు ఇరవై నాలుగేళ్ళు. ఏడాదిగా దేవుడి మీద నమ్మకం నిలవడం లేదు. ఎవరి మీదో కోపం వచ్చి కాదు, ఉన్నాడనడానికి ఆధారం కనిపించక. రూమ్మేట్లేమో "లేడని నిరూపించు, నిరూపించలేకపోతే నీది కూడా ఒక నమ్మకమే" అంటున్నారు. ఇంకోపక్క, మీకు ఉద్యోగం వస్తే మిమ్మల్ని కాలినడకన తిరుమల కొండకి తీసుకెళ్ళి తలనీలాలు ఇప్పిస్తానని అమ్మగారు మొక్కుకున్నారు. ఉద్యోగం వచ్చింది, దసరా తర్వాత వెళ్దామంటున్నారు. ఆధారం లేదని నమ్మకుండా ఆగిపోవడం సబబేనా, అమ్మగారితో ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. సబబే. ఉన్నాడన్నవాళ్ళు చూపించాలి, లేడని మీరు నిరూపించక్కర్లేదు. కాకపోతే ఒక షరతు ఉంది, మీరు నిజంగా వెతికి ఉండాలి. "వెతికాను, దొరకలేదు" అనేవాడికీ, వెతక్కుండానే "నాకేం కనిపించలేదు" అనేవాడికీ చాలా తేడా ఉంది.

నేను ముప్పై రెండేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఆ ముప్పై రెండేళ్ళూ సెలవు దొరికితే చాలు, కొందరు మిత్రులతో కలిసి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు చేశాను. నిప్పుల మీద నడవడం, గాల్లోంచి విభూది తీయడం, కొబ్బరికాయ లోంచి పూలు రావడం, ఇలాంటివన్నీ చేసి చూపించి తర్వాత ఎలా చేశామో చెప్పేవాళ్ళం. కాబట్టి ఈ వాదన పుస్తకాల్లో చదివిందానికంటే రచ్చబండ దగ్గర విన్నదే నాకెక్కువ.

ముందు మీ రూమ్మేట్ల సంగతి చూద్దాం. ఒకాయన మీ ఇంటికొచ్చి "మీ తాతగారు నా దగ్గర రెండు లక్షలు అప్పు తీసుకున్నారు, ఇవ్వండి" అన్నాడనుకోండి. మీరేమంటారు? "నోటు చూపించండి" అంటారు. ఆయన "నోటు లేదు, సాక్షులూ లేరు, కానీ తీసుకోలేదని మీరు నిరూపించగలరా?" అంటే ఏ ఊరి పెద్దమనిషీ ఒప్పుకోడు. ఏ కోర్టూ ఒప్పుకోదు. 1872 నాటి సాక్ష్య చట్టం దగ్గర్నుంచి ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన చట్టం దాకా, ఒక విషయం ఉందని చెప్పి దాని మీద హక్కు అడిగేవాడే రుజువు చేసుకోవాలన్న నియమం మారలేదు. ఇది నాస్తికులు తయారుచేసుకున్న రూలు కాదు. మీ రూమ్మేట్లు కూడా దేవుడి విషయంలో తప్ప మిగతా అన్నిట్లో రోజూ పాటించేదే.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, దాన్ని పట్టుకోండి. "నోటు చూపించండి" అన్నప్పుడు మీరు ఆయన్ని అబద్ధాలకోరు అనడం లేదు. నిజంగానే ఇచ్చి ఉండొచ్చు. రేపు పాత ట్రంకుపెట్టెలో తాతగారి వేలిముద్రతో కాగితం దొరికితే మీరు మర్యాదగా బాకీ తీరుస్తారు. అందాకా మాత్రం డబ్బు ఇవ్వరు. అంటే ఇక్కడ ఉన్నవి రెండు మాటలు కాదు, మూడు: "అప్పు ఇచ్చాడు", "ఇవ్వలేదు", "ఇచ్చాడని తేలలేదు". మీరు నిలబడింది మూడో దాని మీద. మీ స్నేహితులు మిమ్మల్ని రెండో దాని మీదకి నెట్టి, అక్కడ నిలబడి నిరూపించమంటున్నారు. నెట్టనివ్వకండి. "లేడు అని నేననలేదు, ఉన్నాడని తేలలేదు అన్నాను" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. దీన్ని గోడ మీద పిల్లివాటం అనేవాళ్ళూ ఉంటారు. అప్పు తేలేదాకా డబ్బు ఇవ్వని మనిషిని ఎవరైనా పిల్లివాటం అంటారా?

అయితే అన్నిచోట్లా ఈ మూడో మాట దగ్గరే ఆగిపోవాలా అంటే, అక్కర్లేదు. ఇక్కడే నాకు మన పాత తర్కశాస్త్రం బాగా పనికొచ్చింది. వేదార్థాన్ని విచారించిన మీమాంసకుల్లో కుమారిలభట్టు దారివాళ్ళైన భాట్టులు, తర్వాత అద్వైతులు కూడా, అనుపలబ్ధి అని ఒక ప్రమాణం, అంటే తెలుసుకునే మార్గం, చెప్పారు. కనిపించకపోవడం వల్ల లేదని తెలుసుకోవడం అన్నమాట. వాళ్ళు చెప్పే ఉదాహరణ నేల మీద కుండ. గదిలోకి వెళ్ళి చూశారు, నేల మీద కుండ కనిపించలేదు, కాబట్టి కుండ లేదు. కానీ గది చీకటిగా ఉంటే? అప్పుడు కనిపించకపోయినంత మాత్రాన లేదనడానికి వీల్లేదు. వెలుతురుండాలి, చూసే కళ్ళుండాలి, ఆ వస్తువు కంటికి కనిపించే రకమై ఉండాలి. ఉంటే కనిపించి తీరాల్సింది కనిపించకపోతేనే "లేదు" అనాలి. ఉన్నా కనిపించని రకమైతే "తెలియదు" అనాలి. దీన్నే యోగ్యానుపలబ్ధి అంటారు. ఇంతకంటే శుభ్రంగా ఈ విషయం చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

కాబట్టి ఎవరైనా "దేవుడు" అంటే నేను మొదట అడిగేది, ఏ దేవుడు? ఆయన ఉన్నది దీపం వెలిగించగల గదిలోనా, చీకటి గదిలోనా?

పాలు తాగే దేవుడైతే దీపం వెలిగించొచ్చు. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగుతున్నాడని ఒక్కరోజులో పాకిపోయింది, మీరప్పటికి పుట్టలేదు. నేను క్లాసులో ఉండగా పిల్లలు పరిగెత్తుకొచ్చారు. మధ్యాహ్నం మా వీధి చివర గుడికి వెళ్ళాను. క్యూ రోడ్డు మీదకి వచ్చింది, ప్రతివాళ్ళ చేతిలో గ్లాసూ చెంచా. నా వంతు వచ్చాక చెంచా అంచు తొండానికి ఆనించి, ఎదురుగా నిలబడకుండా పక్కకి వంగి చూశాను. చెంచా నిండుగా ఉబ్బెత్తుగా ఉన్న పాలు తడిరాయికి తగలగానే అంచు వంగి, ఒక పల్చటి పొరలా తొండం కిందుగా జారిపోతున్నాయి. తెల్లటి పాలరాతి విగ్రహం మీద తెల్లటి పాలు, ఎదురుగా ఉన్నవాళ్ళకి ఎలా కనిపిస్తాయి? బొజ్జ మీద నుంచి పీఠం దాకా తడి, పీఠం కింద మడుగు. రెండో చెంచాలో అక్కడే ఉన్న కుంకుమ చిటికెడు కలిపి ఆనించాను. తొండం కింద నుంచి పీఠం దాకా ఎర్రటి గీత పడింది. తలతన్యత, అంటే ద్రవం పైపొర లాగిపట్టినట్టుండే గుణం, తర్వాత భూమ్యాకర్షణ, అంతే. ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు కూడా రంగు కలిపిన పాలతోనే చూపించారని తర్వాత పేపర్లో చదివాను.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆ ఎర్రగీత చూపిస్తూ గుళ్ళోనే గట్టిగా "చూడండి, తాగట్లేదు, కారుతోంది" అని అరిచాను. నా వెనక ఒక ముసలావిడ ఉంది, చేతిలో చిన్న ఇత్తడి గ్లాసు. ఆవిడ నా వైపు చూసి, "తాగకపోతే ఏం నాయనా, నేను పోసింది ఆయనకే కదా" అంది. మెల్లిగా ముందుకెళ్ళి పోసి దండం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు. విగ్రహం పాలు తాగుతుందా అన్నదానికి నా దగ్గర సరైన జవాబుంది. ఆవిడ ఆ ప్రశ్నే అడగలేదు. అప్పటి నుంచి ఎవరితోనైనా మాట్లాడే ముందు వాళ్ళు నిజంగా ఏం నమ్ముతున్నారో కనుక్కోవడం నేర్చుకున్నాను. మీరూ అది ముందే నేర్చుకుంటే మంచిది.

ప్రార్థన వింటాడు, రోగం తగ్గిస్తాడు అనే దేవుడికీ కొంతవరకు దీపం వెలిగించొచ్చు. 2006లో అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ అయిన 1802 మంది మీద చేసిన పరిశీలన ఫలితాలు వచ్చాయి. రోగుల్ని మూడు గుంపులు చేశారు. రెండు గుంపుల వాళ్ళకి తమకోసం ప్రార్థన జరగొచ్చు, జరక్కపోవచ్చు అని చెప్పి, ఒక గుంపుకి చేయించారు, ఒక గుంపుకి చేయించలేదు. మూడో గుంపుకి మీకోసం ప్రార్థన జరుగుతుందని చెప్పి మరీ చేయించారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చినవాళ్ళు, తెలియకుండా ప్రార్థన అందుకున్న గుంపులో 52 శాతం, ప్రార్థన లేనివాళ్ళలో 51 శాతం. తెలిసి ప్రార్థన అందుకున్నవాళ్ళలో 59 శాతం. నమ్మేవాళ్ళు దీనికి "దేవుణ్ణి ల్యాబులో పరీక్షిస్తారా, ఆయన మీ ప్రయోగాలకి లొంగుతాడా" అంటారు. సరే, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు "మా మేనత్తకి ప్రార్థన వల్లే తగ్గింది" అనేది కూడా ఆధారంగా చూపించకూడదు. లెక్కపెడితే అందని దేవుడు, లెక్కపెట్టకపోతే మాత్రం అందుతాడు అంటే ఎలా?

ఇక ఏ పనిలోనూ వేలుపెట్టకుండా, ఈ సృష్టికి మూలంగా ఎక్కడో ఉన్నాడనే దేవుడు. ఇది చీకటి గది. ఇక్కడ "లేడు" అని బల్లగుద్ది చెప్పడానికి నా దగ్గరేమీ లేదు, మీ దగ్గరా ఉండదు. "తెలియదు, తేలలేదు" అనడమే నిజాయితీ. కలడో లేడో అన్న సందేహం మనకి కొత్త కాదు, పడమటి దేశాల నుంచి దిగుమతి చేసుకున్నదీ కాదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఇదంతా ఇంగ్లీషు చదువుల వల్ల వచ్చిందంటే, మన పాత దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం వాళ్ళ సంగతి చెప్పండి. సాంఖ్య సూత్రాల్లో "ఈశ్వరాసిద్ధేః" అని ఉంది, ఈశ్వరుడు సిద్ధించలేదు గనక, అంటే రుజువు కాలేదు గనక అని. దానికి పదహారో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన విజ్ఞానభిక్షువు స్వయంగా ఈశ్వరుణ్ణి నమ్మినవాడు. ఆయన ఏమంటాడంటే, చూడండి, సూత్రకారుడు "రుజువు కాలేదు" అన్నాడే గాని "లేడు" అనలేదు, లేడనే ఉద్దేశం ఉంటే "ఈశ్వరాభావాత్" అని ఉండేవాడు కదా అని. ఈ సూక్ష్మం పట్టుకుని ఆయన దేవుడికి చోటు మిగుల్చుకున్నాడు. మీ రూమ్మేట్లు మీతో కలిపేస్తున్న రెండు మాటల్నీ నమ్మిన మనిషే విడదీసి చూపించాడన్నమాట.

ఇంకో సంగతి కూడా. సృష్టికర్త అక్కర్లేదన్న సాంఖ్యమూ, పూర్వమీమాంసా కూడా మన లెక్కలో ఆస్తిక దర్శనాలే. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నవాడు ఆస్తికుడు, ఒప్పుకోనివాడు నాస్తికుడు. దేవుడితో ముడిపెట్టి ఆ మాట వాడటం తర్వాత స్థిరపడింది. మీకు మీరు ఏ పేరు పెట్టుకోవాలన్న టెన్షన్ వద్దు. అజ్ఞేయవాది అన్నా, నాస్తికుడన్నా, ఏమీ అనకపోయినా మీరు చేస్తున్న పని ఒకటే.

మన దగ్గర నాస్తికోద్యమం నడిపిన గోరా గారి దారి వేరు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకి మార్చారు. ఆయనది ఆధారం వచ్చేదాకా ఆగుదాం అనే ధోరణి కాదు. దేవుడి మీద ఆధారపడటం మానేసిన మనిషే స్వేచ్ఛగా బతుకుతాడని, అది బతుకులో చూపించాలని అన్నారు. కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు కూడా. నేను ఆయనంత దూరం వెళ్ళలేదు, మీరు వెళ్ళాలని కూడా అనను. కానీ ఒకటి చూడండి. అలాంటి మనిషికీ రామనామం వదలని గాంధీకీ స్నేహం కుదిరింది. గోరా కూతురి కులాంతర వివాహం సేవాగ్రామ్‌లో జరిపిద్దామనుకున్నప్పుడు, పెళ్ళి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీ ఒప్పుకున్నారు. పెళ్ళి నాటికి ఆయన లేరు, 1948 మార్చిలో అక్కడే జరిగింది. ఇద్దరిలో ఎవరూ తమ మాట మార్చుకోలేదు.

"మరి చూసినవాళ్ళ మాట ఆధారం కాదా?" ఇది మీరు అడగలేదు, కానీ అమ్మగారు అడుగుతారు. కష్టమైన ప్రశ్న ఇదే. మనం రోజూ ఎదుటివాళ్ళ మాట మీదే బతుకుతాం. నా పుట్టినతేదీ నాకు మా అమ్మ చెప్తేనే తెలుసు. నైయాయికులు, అంటే మన న్యాయదర్శనం వాళ్ళు, దీన్ని శబ్దప్రమాణం అన్నారు, అయితే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలన్నారు, అంటే విషయం ఉన్నదున్నట్టు తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు. మీ అమ్మగారు "స్వామి కలలో కనిపించాడు, మనసు తేలికపడింది" అంటే ఆవిడ అబద్ధం చెప్పరు. కల వచ్చింది నిజం, మనసు తేలికపడింది నిజం. ఆ కల ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం ఆవిడ చూసిన విషయం కాదు, ఊహించిన విషయం. మన ఇళ్ళల్లో కలలోకి వెంకన్న వస్తాడు, వేళాంకణ్ణికి మొక్కుకునే ఇంట్లో మేరీమాత వస్తుంది. ఎవరి ఇంట్లో ఏ పటం ఉంటే ఆ రూపం. ఇది చూశాక ఆ అనుభవాన్ని గౌరవించగలను గాని ఆధారంగా తీసుకోలేను. ఆవిడ దాన్ని తనకి ఆధారం అనుకుంటే కాదనడానికి నేను ఆవిడ మనసులో లేను.

"నమ్మితే పోయేదేముంది?" ఇది తప్పకుండా వింటారు. ఉంటే పుణ్యం, లేకపోతే నష్టం లేదు కదా, ఓ దండం పడేస్తే పోలా అని. దండం వల్ల నష్టం లేదు, నిజమే. కానీ నమ్మకం దండం దగ్గర ఆగదు. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

దివిసీమలో ఒక ఊళ్ళో పాముకాటుకి మంత్రం వేసే పెద్దాయన ఉండేవాడు. పైసా తీసుకునేవాడు కాదు, అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచేవాడు, మంచిమనిషి. వందమందికి పైగా బతికించానని చెప్పేవాడు, ఊరు కూడా అదే చెప్పేది. ఆయన అరుగు మీద కూర్చుని అడిగాను, కరిచింది ఏ పాము అని. చాలామంది చెప్పిన ఆనవాళ్ళు నీరుకట్టెవో జెర్రిపోతువో. వాటికి విషమే లేదు. విషప్పాము కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కదు. అలాంటివాళ్ళంతా ఏ మంత్రం లేకపోయినా బతికేవాళ్ళే. చనిపోయినవాళ్ళ సంగతి అడిగితే "వాళ్ళు ఆలస్యంగా వచ్చారండి" అన్నాడు. అబద్ధమాడలేదు, ఆయన నమ్మిందే చెప్పాడు. బతికితే మంత్రం ఖాతాలో, పోతే ఆలస్యం ఖాతాలో.

ఆ ఏడాది వానాకాలంలోనే, నేల మీద పడుకున్న పదకొండేళ్ళ పిల్లాణ్ణి రాత్రిపూట కట్లపాము కరిచింది. కట్లపాము కాటుకి పెద్దగా నొప్పి ఉండదు, వాపూ ఉండదు. మంత్రం వేశారు, పిల్లాడు మామూలుగా మాట్లాడాడు, తగ్గిపోయిందని ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. తెల్లవారుజామున రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది, తర్వాత ఊపిరి అందలేదు. విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి ఆటోలో గంట ప్రయాణం. దారిలోనే పోయాడు. కరిచిన వెంటనే బయల్దేరి ఉంటే రాత్రంతా చేతిలో ఉంది. ఆ తల్లి తర్వాత నాతో "అందరికీ తగ్గింది కదండీ, మావాడికెందుకు తగ్గలేదు" అంది. నేనేమీ చెప్పలేకపోయాను. ఆధారం లేకుండా నమ్మితే పోయేదేముంది అని ఎవరన్నా అంటే నాకు ఆ ఆటో గుర్తొస్తుంది.

నమ్మకుండా ఆగడం తేలిక అని మాత్రం చెప్పను. 2009లో మా ఆవిడ పదకొండు రోజులు ఐసీయూలో ఉంది. రాత్రి మూడింటికి వరండా బెంచీ మీద కూర్చున్నప్పుడు దండం పెట్టుకోవాలని నాకెంత బలంగా అనిపించిందో మాటల్లో చెప్పలేను. ఆ కోరిక నిజం. కానీ కోరిక ఎంత బలంగా ఉంటే అంత ఆధారమైపోదు, దాహం వేసినంత మాత్రాన ఎదురుగా బావి ఉండదు కదా. మా మరదలు గుడి నుంచి తెచ్చిన దారం ఆవిడ మణికట్టుకి కట్టింది. నేను అడ్డుచెప్పలేదు. నర్సు వద్దంటే జరిపి మళ్ళీ కట్టింది. ఆవిడ బతికింది. ఇంట్లో అందరూ దారం వల్లే అన్నారు. పక్క బెడ్ మీద ఉన్నావిడ చేతికి రెండు దారాలు, మెడలో తాయెత్తు ఉన్నాయి. ఏడో రోజు పోయింది. ఆవిడ భర్తా నేనూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం, ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగేవాళ్ళం. ఆయన దారం ఎందుకు పనిచేయలేదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను అడగడానికి అది సమయం కాదు.

ఒక హెచ్చరిక. ఈ తూకం ఒక్క దేవుడి కోసమే పట్టుకుంటే అది తూకం కాదు. గుడికి వెళ్ళనని గర్వంగా చెప్పుకునే నా మిత్రులే, వాట్సాప్‌లో వచ్చిన షుగర్ మందు ఆధారం అడక్కుండా వాడారు, ఒక నాయకుడు చెప్పిన ప్రతి మాటా నమ్మారు, చిట్‌ఫండ్‌లో డబ్బు పోగొట్టుకున్నారు. ఆధారం అడగడం అలవాటు కావాలంటే మనకి నచ్చిన మాట విన్నప్పుడే ఎక్కువ అడగాలి. ఇంకో పని చేయండి. ఏది చూస్తే మీరు ఒప్పుకుంటారో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. నా నోటుబుక్కులో మొదటి పేజీలో ఉన్నది, తెగిపోయిన కాలు ప్రార్థనతో మళ్ళీ మొలిచి, ముందూ వెనకా ఎక్స్‌రేలు ఉండి, సంబంధం లేని డాక్టర్లు చూసి నిర్ధారించడం. అది జరిగితే మూడో మాట నుంచి మొదటి మాటకి వస్తాను. అలా రాసుకోలేకపోతే, ఏం చూసినా ఒప్పుకోనని ముందే నిర్ణయించుకున్నట్టు. అప్పుడు మీ రూమ్మేట్లు "నీదీ నమ్మకమే" అన్నది సరిపోతుంది.

ఇక కొండ సంగతి. వెళ్ళండి.

వెళ్తే మోసం అవుతుందేమో అని రాశారు. చెప్పకుండా వెళ్ళి, దర్శనంలో కళ్ళు మూసుకుని భక్తి నటిస్తే మోసం. బయల్దేరే ముందే చెప్పి వెళ్తే కాదు. చుట్టాల ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు, వంటింట్లోనో డాబా మీదో, ఒక్కసారి చెప్పండి. "అమ్మా, నాకు నమ్మకం నిలవట్లేదు. నీ మొక్కు కాబట్టి వస్తాను, నీతో నడుస్తాను. నేను మాత్రం ఏమీ కోరుకోను" అని. ఏడుస్తారేమో. ఏడిస్తే అక్కడే కూర్చోండి, వాదించకండి. విగ్రహం, తలతన్యత, సాంఖ్యసూత్రాలు, ఇవేవీ ఆ రోజు తీయకండి, నేను గుళ్ళో చేసిన తప్పు మీరు వంటింట్లో చేయొద్దు. రాజ్యాంగంలో 51ఎ(హెచ్) కింద, 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథం పక్కనే మానవతావాదం అని కూడా ఉంది. ఆ రెండో మాట ఇలాంటి రోజు కోసమే అనుకుంటాను.

తలనీలాల సంగతి మీ ఇష్టం. జుట్టు మీది, మొక్కు ఆవిడది. నన్నడిగితే, అది ఇవ్వడం వల్ల మీరు ఏదీ నమ్మినట్టు కాదు, ఇష్టం లేకపోతే ఆ మాట కూడా ముందే చెప్పండి, కొండ మీద క్యూలో కాదు. నేను మా ఆవిడని ప్రతి శనివారం బండి మీద గుడికి తీసుకెళ్తాను, బయట చెప్పుల దగ్గర నిలబడతాను, ఆవిడ వచ్చి ప్రసాదం చేతిలో పెడితే తింటాను. ఆవిడకి నా సంగతి పెళ్ళైన మొదటి నెల నుంచి తెలుసు, అందుకే ఇద్దరికీ ఇబ్బంది లేదు.

అలిపిరి నుంచి మూడువేల అయిదువందల చిల్లర మెట్లు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నాయని కూడా రాశారు కదా. తెల్లవారకముందే మొదలుపెట్టండి, మంచినీళ్ళ సీసా, ఆవిడ మందులు మీ సంచిలో పెట్టుకోండి, మోకాళ్ళ మెట్టు దగ్గర ఆవిడకి మీ చెయ్యి కావాలి.